చవుక విమానంలో దొర సీటు

మా జగిత్యాలలో విమానాశ్రయం లేదు. ఉన్నదల్లా నక్షత్రం ఆకారంలో కట్టిన ఒక పాతకోట, దాని చుట్టూ కందకం, ఊరికి కాస్త ఎడంగా లింగంపేటలో ఒక రైల్వే స్టేషను. అయినా విమానాల సంగతి మావాళ్లకు తెలిసినంతగా బేగంపేట గోడ పక్కన పుట్టి పెరిగినవాళ్లకైనా తెలియదని పందెం వేసి చెప్పగలను. మా వీధిలో బీడీలు చుట్టుకునే ముసలవ్వ ఒకామె ఉంది. సంతకం చేయడం రాదు. కాని ఏ విమానంలో ఎన్ని కిలోల సామాను ఊరికే రానిస్తారో, ఎవరు చేతిసంచీని కూడా త్రాసులో పెట్టి పీడిస్తారో, షార్జాలో దిగితే మంచిదో దుబాయిలో దిగితే మంచిదో ఆకు కత్తిరిస్తూ గడగడ చెప్పేస్తుంది. కొడుకులిద్దరూ అక్కడే మరి. 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అని మా ప్రాంతపు బతుకుతెరువును మూడు ముక్కల్లో చెప్పిన నానుడి ఊరికే పుట్టలేదు.

ఇటువంటి ఊళ్లో నలభై అయిదేళ్లు వచ్చినా విమానం ఎక్కని మగవాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు. తెలుగు ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన విమానం పుష్పకం ఒక్కటే. అందులో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందని మన పెద్దలు చెబుతారు. ఈనాటి చవుక విమానాలవారు ఆ సూత్రాన్ని సీట్ల మధ్య ఖాళీకి అన్వయించుకున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది.

2024లో దసరా సెలవులు ఇవ్వగానే నేను దుబాయి వెళ్లవలసి వచ్చింది. మా తమ్ముడు ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత అక్కడి కొలువు చాలించుకుని ఇంటికి వచ్చేస్తున్నాడు. మా వైపు దీన్ని 'క్యాన్సిల్ మీద వచ్చుడు' అంటారు, వీసా రద్దు చేయించుకుని మళ్లీ పోకుండా రావడమన్నమాట. "అన్నా, నేను వచ్చేలోపట ఒక్కసారి వచ్చి చూసిపో. నేనుండంగ నువ్వు రాకపోతె ఇగ ఎప్పుడొస్తవు?" అని ఫోనులో పట్టుబట్టాడు. టిక్కెట్టు కూడా తానే పంపాడు. దాన్ని కాలేజీలో ఒక కుర్రవాడికి చూపిస్తే, "సార్, ఇది బిజినెస్ క్లాసు" అన్నాడు. చవుక విమానంలో బిజినెస్ క్లాసేమిటని తెల్లబోయాను.

ఇక్కడ కాస్త ఆగి ఈ చవుక విమానాల కథ చెప్పాలి. హైదరాబాదుకు సొంత విమానాలు కొత్త కాదు. నైజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది, 1953లో జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. కాని అవి దొరల విమానాలు. సామాన్యుడు కూడా ఎక్కాలని కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టాడు. అదే సంవత్సరం షార్జాలో ఎయిర్ అరేబియా మొదలైంది. 2005లో మనవాళ్ల గల్ఫ్ ప్రయాణాల కోసమే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వచ్చింది, 2009లో ఫ్లైదుబాయి వచ్చింది. ఉన్న కిటుకు చిన్నదే. విమానాలన్నీ ఒకే రకం కొంటారు, అంచేత మరమ్మతు సామానూ డ్రైవర్లూ అందరికీ ఒక్కటే సరిపోతారు. సీట్లు దగ్గర దగ్గరగా బిగిస్తారు. దిగిన విమానాన్ని గంట లోపలే మళ్లీ లేపుతారు, ఎందుకంటే నేలమీద నిలబడ్డ విమానం మేతకు తప్ప పనికిరాని ఎద్దు. ఆపైన పెట్టెకు వేరే రుసుము, అన్నానికి వేరే, కిటికీకి వేరే. వంకాయ చవుకగా ఇచ్చి తొడిమకు ధర కట్టినట్టు.

మరి పాకకు పాలరాతి అరుగు వేసినట్టు ఈ బండ్లకు బిజినెస్ క్లాసు ఎందుకయ్యా అంటే, ముందు వరుసల్లో ఇరుకు సీట్లు కొన్ని పీకేసి పన్నెండు వెడల్పాటి సీట్లు వేస్తే వాటి మీద వచ్చే రాబడి ఎక్కువ. పెద్ద కంపెనీ టిక్కెట్టుకు మనసొప్పని వర్తకులూ డాక్టర్లూ వీటిని కొంటారు. ఫ్లైదుబాయి 2013లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఇండిగో కూడా 2024 నవంబరులో ఢిల్లీ-ముంబయి మధ్య ప్రారంభించింది. నాకిందులో వింతగా తోచేది ఒకటే. మన రైళ్లలో మూడో తరగతి అన్న పేరును 1974లో ఎత్తివేశారు, అక్కడ తరగతులు తగ్గించుకుంటూ వచ్చాం. వీళ్లు అందరికీ ఒకటే తరగతి అని మొదలుపెట్టి, మధ్యలో తెర కట్టారు.

ఆ తెరకు ముందు, రెండో వరుసలో, శంషాబాదులో నేను కూర్చున్నాను. నేను ఎక్కిన విమానం పేరు చెప్పను, చెబితే ప్రకటన అవుతుంది.

కూర్చున్నానంటే కూర్చున్నాను గాని, ఒళ్లు స్వాధీనంలో లేదు. మా బాపు కాలంలో మా పల్లెలో దొర ముందు మంచం మీద కూర్చున్న రైతు లేడు. చెప్పులు చేత పట్టుకుని గడీ దాటేవాళ్లు. 1978లో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా ఊరేగిన తర్వాత ఆ చెప్పులు కాళ్లకు వచ్చాయి గాని, బాపుకు మాత్రం కుర్చీ అంచున కూర్చునే అలవాటు చచ్చేదాకా పోలేదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. ఆయన కొడుకును కదా, నేనూ ఆ వెడల్పాటి తోలుసీటులో అంచునే కూర్చున్నాను. పరిచారిక వచ్చి, "వెనక్కి వాలండి సార్, పట్టీ పెట్టుకోవాలి" అనేదాకా ఆ సంగతి నాకే తెలియలేదు.

వేడి తువ్వాలు ఇచ్చింది. దాన్నేం చేయాలో తెలియక పక్కాయన వంక చూశాను. ఆయన ముఖం తుడుచుకుంటే నేనూ తుడుచుకున్నాను. ఆయన మెడ తుడుచుకుంటే నేనూ మెడ తుడుచుకున్నాను. ఆయన నవ్వి, "సారుది ఏం బిజినెస్?" అని అడిగాడు. బిజినెస్ క్లాసులో కూర్చున్నవాణ్ణి అలా అడగడం న్యాయమే. "తెలుగు చెబుతాను" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నడుస్తున్నదా?" అన్నాడు. నడుస్తున్నదన్నాను. ఏం చెప్పమంటారు?

ఈలోగా మా పక్కనుంచి వెనకసీట్ల వాళ్లు నడిచి పోతున్నారు. ముందు సీట్లలో మనం గాజు గ్లాసులో దానిమ్మరసం పట్టుకుని కూర్చుంటాం, అందరూ మన మోకాళ్లు రాసుకుంటూ వెళతారు. ఈ తరగతిలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే సుమండీ. ఆ నడిచేవాళ్లలో సగంమంది మా కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు కుర్రవాళ్లు. కొత్త బూట్లు, ఛాతీకి హత్తుకున్న ప్లాస్టిక్ ఫైలు, అందులో వీసా కాగితం. పదో తరగతి తప్పినవాళ్ల పాస్‌పోర్టుకు వలస అధికారుల అనుమతి ఉంటే తప్ప గల్ఫ్‌లో కొలువుకు వెళ్లనివ్వరు, 1983 నాటి చట్టం. ఆ చట్టం కిందనే, రిక్రూటింగు ఏజెంటు 30,000 రూపాయలకూ దానిమీద పన్నుకూ మించి తీసుకోకూడదన్న నియమం కూడా ఉంది. పల్లెల్లో అప్పుపత్రాల మీద అంకె మాత్రం వేరేగా ఉంటుంది. ఒక కుర్రవాడు నన్ను చూసి ఆగిపోయాడు. నా పాత విద్యార్థి. "నమస్తే సార్, మీరు గూడ కంపెనీ వీసానా?" అని అడిగాడు. వెనకవాళ్లు తోస్తుంటే సమాధానం వినకుండానే లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత తెర మూశారు.

భోజనం పింగాణీ ప్లేట్లలో వచ్చింది. జీరా అన్నం, కోడికూర, పళ్లముక్కలు, చివర ఒక ఖర్జూరపు మిఠాయి. బాగానే ఉన్నది. కాని తెర సందులోంచి వెనక ఎవరో నీళ్లసీసా ధర అడిగి వద్దనడం వినబడుతుంటే ఆ అన్నం గొంతు దిగడానికి ఎక్కువసేపు పట్టింది. మిఠాయి మాత్రం తమ్ముడికి చూపిద్దామని కాగితంలో చుట్టుకున్నాను.

దుబాయి గురించి వర్ణించి పాఠకులను విసిగించను. ఫోటోలు అందరూ చూసినవే. మా తమ్ముడు ఇనుము కట్టేవాడు, స్లాబు పోసేముందు కడ్డీలు అల్లే పని. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకూ ఎండలో పని చేయించరాదని అక్కడ నియమం. మిగతా వేళల్లో ఎండ ఉండదని కాదు. ఊరు తిప్పుతూ ప్రతి భవనాన్నీ వేలితో చూపించి, "ఇది పన్నెండో అంతస్తుదాక నాది, ఆడ నుంచి వేరే కంపెనీది" అని చెప్పాడు. భవనాల పేర్లు అతనికి తెలియవు. మెట్రో రైలెక్కితే అక్కడా ముందు భాగాన ఒక గోల్డు క్లాసు పెట్టె, టిక్కెట్టు రెట్టింపు. ఆ గీత దాటి నిలబడితే నూరు దిర్హముల జుల్మానా. 2009లో మెట్రో మొదలైన నాటినుంచి దాన్ని చూస్తున్నాడు. ఎప్పుడైనా ఎక్కావా అంటే, "గీత దాక నిలవడ్డ" అన్నాడు.

వాడి గదిలో పన్నెండు మంచాలు, ఒకదానిమీద ఒకటి. ఆ రాత్రి నేను దేరాలో ఒక లాడ్జిలో పడుకుని లెక్కలు వేశాను. వీడు 2003 జూన్‌లో బొంబాయి మీదుగా వెళ్లాడు. అప్పుడు నేను ఎమ్మే మొదటి సంవత్సరం. ఇరవై గుంటల పొలం అమ్మి ఏజెంటుకిచ్చాం. మొదటి జీతం ఆరు వందల దిర్హములు. ఆనాటి మారకం ప్రకారం ఏడు వేల అయిదు వందల రూపాయలకు కాస్త అటూ ఇటూ. అందులోంచే నా హాస్టలు బాకీ వచ్చేది. ఎన్నిసార్లు పంపాడో నా దగ్గర లెక్క ఉన్నది, వాడి దగ్గర లేదు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఇరవై ఒక్క ఏళ్లలో భార్యాబిడ్డలతో ఉన్నది అంతా కలిపి ఇరవై నెలలు. బాపు పోయినప్పుడు వాడు మూడోరోజుకు గాని రాలేకపోయాడు. కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి రావడానికే ఒక రోజు పట్టింది. తర్వాత టిక్కెట్టు. చవుక విమానం ముందుగా కొనుక్కున్నవాడికే చవుక. సీట్లు నిండేకొద్దీ, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. చావుకు రెండు నెలల ముందు టిక్కెట్టు కొనుక్కోలేం కద.

తిరుగు ప్రయాణం ఇద్దరికీ వెనక సీట్లలోనే. దుబాయి విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఊరికే అడిగాను, ముందర ఏమైనా ఖాళీ ఉందా అని. ఒక్కటి ఉందన్నారు, 650 దిర్హములు అదనం. నా దగ్గర ఉన్నది తీసి లెక్కపెట్టాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, పిచ్చి లేసిందా? నా మొదటి జీతం ఆరు వందలు."

"అందుకే."

"అయితే నువ్వు కూసో. నువ్వు సారువు. నేను చెద్దరు కప్పుకుని యాన్నన్న పంట."

"ఒరేయ్, నేను ఒకసారి కూర్చున్నాను. నువ్వు కొంటే కూర్చున్నాను. ఇంక మాట్లాడితే బాగుండదు."

కౌంటరులో ఉన్న అమ్మాయికి తెలుగు రాదు. అన్నదమ్ములు ఆస్తి తగాదా పడుతున్నారనుకుందేమో, పై అధికారిని పిలవబోయింది. అప్పుడు ఒప్పుకున్నాడు. విమానంలో వాడు ముందే ఎక్కి కూర్చున్నాడు. నేను అందరితోబాటు వాడి పక్కనుంచే నడిచి వెనక్కు వెళ్లాను. గాజు గ్లాసు పట్టుకుని నా ముఖం చూడలేక కిటికీలోకి చూస్తున్నాడు. సీటు అంచున కూర్చున్నాడు.

నాది ఇరవై రెండో వరుస, మూడింటిలో మధ్య సీటు. కిటికీ దగ్గర సిరిసిల్ల పద్మశాలి ఒకాయన. ఆయన సామానంతా ఒక ప్లాస్టిక్ కవరు. చేతిలో పాస్‌పోర్టు లేదు, ఒక తెల్లకాగితం ఉంది. అక్కడి ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1 నుంచి క్షమాభిక్ష ప్రకటించింది. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లు జుల్మానా లేకుండా ఇంటికి పోవచ్చు. అట్లాంటి కాగితమది. ఊళ్లో సాంచెల మీద బట్ట నేసేవాడట. పని తగ్గి, అప్పు పెరిగి, ఆఫీసులు ఊడ్చే పనికి వచ్చాడు. జీతం సరిగా రాక బయటపడి 'ఖల్లివెల్లి' అయ్యాడు. కంపెనీ వదిలేసి చాటుగా పని చేసుకునేవాణ్ణి మావాళ్లు ఆ అరబ్బీ మాటతోనే పిలుస్తారు. నాలుగేళ్లు పోలీసును చూస్తే పక్క సందులోకి. నేను రెండు నీళ్లసీసాలు కొని ఒకటి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు, తర్వాత తాగాడు.

"ముందట కూసున్నది మీ తమ్ముడా? పెద్ద సేటు అయిండా?" అని అడిగాడు.

"కాదు. ఇనుము కట్టేవాడు. క్యాన్సిల్ మీద వస్తున్నాడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఈర్ష్య లేదు. "మంచిగైంది. మావోళ్లు ఒక్కలన్న కూసోవాలె," అన్నాడు. కాసేపాగి, "మేము నయం సారూ. మాకు సీటున్నది. కింద పెట్టెల వచ్చేటోళ్లు ఉంటరు," అన్నాడు. మా కాళ్ల కింద, సామాన్ల అరలో. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఆ సెప్టెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. శంషాబాదునుంచి శవాన్ని ఊరు చేర్చడానికి ఉచితంగా అంబులెన్సు కూడా ఉంది. ఆ ఏర్పాట్లు అవసరమయ్యేటన్ని పెట్టెలు వచ్చాయన్నమాట.

విమానం లేచి గంట గడిచింది. తమ్ముడు భోజనం ఎలా చేస్తున్నాడో చూద్దామని లేచి ముందుకు పోయాను. తెర దగ్గర పరిచారిక ఆపింది. "వెనక కూడా బాత్‌రూములున్నాయి సార్" అన్నది మర్యాదగానే. మూడు రోజుల క్రితం ఇటువంటి తెరకు అవతలే దానిమ్మరసం తాగినవాణ్ణని ఆమెకేం తెలుసు! "అక్కడ మా తమ్ముడున్నాడమ్మా" అన్నాను. ఆమె తెర కొంచెం తొలగించి చూపించింది.

వాడు నిద్రపోతున్నాడు. సీటు పూర్తిగా వెనక్కి వాలి ఉంది. బూట్లు విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టుకున్నాడు. కాళ్లు బారజాపాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు పొలం గట్టున పడుకున్నట్టే పడుకున్నాడు. "ఎక్కగానే పడుకున్నారు. భోజనానికి లేపమంటారా?" అని అడిగింది. వద్దన్నాను. ఆమె ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. ఆ పిల్ల ఎవరో గాని చల్లగా ఉండాలి.

తెల్లవారుజామున మూడింటికి శంషాబాదులో దిగాం. పెట్టెల కోసం నిలబడ్డప్పుడు వాడు సిగ్గుపడుతూ, "అన్నా, నీ పైసలు దండుగైనయి. ఏం తినలె, ఏం చూడలె," అన్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "ఇరువై ఒక్క ఏండ్లల్ల విమానంల నిద్రవోవుడు ఇదే మొదలు. పొయ్యేటప్పుడు అప్పు లెక్క పెట్టుకుంట పోదు. వచ్చేటప్పుడు సెలవు దినాలు లెక్క పెట్టుకుంట వద్దు. ఈసారి లెక్క లేదు," అన్నాడు.

సిరిసిల్ల ఆయనను కూడా మా కారులోనే ఎక్కించుకున్నాం, దారే కనుక. సిద్దిపేట దాటేసరికి తెల్లవారింది. రోడ్డు పక్కన ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు మోపులు కట్టి పెట్టుకుని కూర్చున్నారు, మర్నాడు సద్దుల బతుకమ్మ. ఆయన తన వీధి మొగదలే దిగిపోయాడు, ఇంటిదాకా రావద్దన్నాడు. వేములవాడ గుడి గోపురానికి కారులోంచే దండం పెట్టుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదైంది.

వాకిట్లో తమ్ముడి భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అవ్వ. ఏడ్పులయ్యాయి, దిష్టి తీయడమయ్యింది. చిన్న కొడుకు దొర సీట్లో వస్తున్నాడని నేను ఫోనులో ముందే చెప్పి ఉంచాను. అవ్వ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "గా పెద్ద సీట్ల ఏం వెట్టిండ్రు కొడుకా? కడుపునిండ వెట్టిండ్రా?" అని అడిగింది.

వాడు నావైపు ఒకసారి చూశాడు.

"పెట్టిండ్రవ్వా. పింగాణి పళ్లెంల. జీరా అన్నం, కోడికూర, పండ్లముక్కలు, ఆఖరుకు ఒక ఖర్జూరం మిఠాయి. గాజు గిలాసల దానిమ్మరసం," అని ఒక్కటీ తప్పకుండా చెప్పాడు.

అవ్వ సంతోషించి, అయినా ఆకలిగా ఉంటుందని లోపలికి వెళ్లి సర్వపిండి తెచ్చింది. వాడు నాలుగు తిన్నాడు.